మునగాకు, కాకరకాయ వేసి ఫిలిప్పీన్స్ పెసల కూర వండటం ఎలా?

మా అక్క కూతురు ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరంలో మెడిసిన్ చదివింది. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. మొదటి ఏడాదంతా ఫోన్ చేస్తే చాలు, తిండి గురించే ఏడుపు. రెండో ఏడాది సెలవులకు వచ్చి, "పిన్నీ, ఇవాళ శుక్రవారం కదా, ముంగో వండుతా" అంది. డబ్బాలోంచి పెసలు తీసింది, పెరట్లో మునగ రెమ్మలు విరిచింది, ఫ్రిజ్‌లోంచి కాకరకాయ పట్టుకొచ్చింది. మూడూ ఒకే గిన్నెలోనా అని నేను మొహం చిట్లించాను. ఇప్పుడు నెలకు రెండుసార్లు నేనే వండుతున్నాను.

వాళ్ల భాషలో దీని పేరు గినిసాంగ్ ముంగో. ముంగో అంటే పెసలు. గినిసా అంటే నూనెలో వెల్లుల్లి, ఉల్లి, టమాటా మగ్గించడం. ఆ మాట స్పానిష్ వాళ్ల నుంచి వచ్చింది. అక్కడ క్యాథలిక్కులు ఎక్కువ. ఈస్టర్‌కు ముందొచ్చే ఉపవాస కాలంలో శుక్రవారాలు మాంసం ముట్టరు కాబట్టి పెసలు వండుకునేవాళ్లు. ఆ అలవాటే మిగతా శుక్రవారాలకూ పాకింది.

నలుగురికి కావలసినవి

పెసలు ఒక కప్పు (పొట్టు తీసిన పెసరపప్పు కాదు, గుండు పెసలే), వెల్లుల్లి ఆరు రెబ్బలు, ఉల్లిపాయ ఒకటి, టమాటాలు రెండు, మధ్యస్థంగా ఉన్న కాకరకాయ ఒకటి, దూసిన మునగాకు రెండు గుప్పిళ్లు, నూనె రెండు చెంచాలు, ఉప్పు, మిరియాల పొడి, ఒక నిమ్మకాయ. అక్కడైతే నిమ్మకాయకు బదులు కలమాన్సి అనే గోళీకాయంత కాయ పిండుతారు.

చేపలు తినేవాళ్లు రెండు చెంచాల ఎండు రొయ్యలు కూడా తీసుకోండి. వాళ్లు వీటిని హీబే అంటారు. కొందరు తినాపా అనే పొగబెట్టిన చేప వేస్తారు. శాకాహారులు ఇవేవీ లేకుండా వండుకున్నా కూరకు లోటేమీ రాదు. పసుపు, కారం, ఆవాలు మాత్రం వద్దు. చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. ఈ ఒక్కసారికి ఆపుకోండి.

ముందు పెసలు

నాలుగైదు గంటలు నానబెడితే త్వరగా ఉడుకుతాయి. కడిగి, ఐదు కప్పుల నీళ్లు పోసి మామూలు గిన్నెలో ఉడికిస్తే ముప్పావు గంట పడుతుంది, కుక్కర్లో అయితే నీళ్లు ఒక కప్పు తగ్గించి నాలుగు విజిల్స్ చాలు. పొట్టు విచ్చుకుని, గరిటెతో నొక్కితే మెత్తగా నలగాలి. పలుకుగా ఉంటే ఇది గుగ్గిళ్లవుతుంది కానీ ముంగో అవదు.

ఎండు పెసలు వంద గ్రాములు తీసుకుంటే అందులో దాదాపు 24 గ్రాముల ప్రొటీన్, 16 గ్రాముల పీచు ఉంటాయి. ఫోలేట్ అనే బి విటమిన్ కూడా బాగా ఉంటుంది. లైసిన్, మెథియొనిన్ అనేవి ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాలు. అన్నంలోని ప్రొటీన్‌లో లైసిన్ తక్కువ. పెసల్లో అది ఎక్కువ, మెథియొనిన్ తక్కువ. కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. పెసలు తింటే యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు పట్టేస్తాయని ఫిలిప్పీన్స్‌లో చాలామందికి భయం. పప్పుధాన్యాల వల్ల ఆ బెడద మాంసం, రొయ్యల వల్ల వచ్చేంత కాదు. గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే ఆ కీళ్ల జబ్బు ఉన్నవాళ్లు ఈ కూరలో పెసల కంటే ఎండు రొయ్యల గురించి ఆలోచించాలి.

తర్వాత గినిసా

వెడల్పాటి మూకుడులో నూనె కాగాక దంచిన వెల్లుల్లి వేయండి. రంగు మారి కమ్మటి వాసన వచ్చేదాకా ఆగండి, మాడనివ్వకండి. ఉల్లిపాయ ముక్కలు వేసి మెత్తబడ్డాక టమాటా వేసి మూత పెట్టండి. టమాటా పూర్తిగా గుజ్జయ్యాక, తల, కాళ్లు తీసి కడిగిన ఎండు రొయ్యలు వేసి రెండు నిమిషాలు వేయించండి. ఇప్పుడు ఉడికిన పెసల్ని నీళ్లతో సహా ఇందులో పొయ్యండి. మనం పప్పు ఉడికాక పోపు తెచ్చి పైన వేస్తాం. ఇక్కడ పోపు దగ్గరికే పప్పు వెళ్తుంది. టమాటా పులుపు ముందే తగిలితే పెసలు సరిగా ఉడకవు. అందుకే వాటిని విడిగా ఉడికించేది.

పది నిమిషాలు సన్న సెగ మీద ఉడకనిస్తే చిక్కబడుతుంది. ఉప్పు చివర్లో వేయండి, ఎండు రొయ్యల్లో ఎలాగూ ఉంటుంది. అక్కడ ఉప్పుకు బదులు పతీస్ అనే చేపల రసం పోస్తారు. ఒక్క టేబుల్ స్పూన్‌లోనే వెయ్యి మిల్లీగ్రాముల పైన సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజంతటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 2000 మిల్లీగ్రాములు. బీపీ ఉన్న ఇంట్లో ఆ సీసా కొనకపోవడమే మంచిది.

కాకరకాయ ఎప్పుడు?

సగానికి చీల్చి గింజలు తీసి, సన్నటి నెలవంక ముక్కలుగా కోయండి. ఉప్పు పట్టించి పిండితే చేదుతో పాటు విటమిన్ సి కూడా కొంత పోతుంది, అందుకే నేను పిండను. చిక్కబడుతున్న పెసల్లో వేసి నాలుగైదు నిమిషాలు వదిలేయండి. గరిటె ఎక్కువ తిప్పితే చేదెక్కుతుందని ఫిలిప్పీన్స్ అమ్మమ్మల మాట. అది నిజమో కాదో గానీ, తిప్పకపోతే ముక్క చెదరకుండా ఉంటుంది.

కాకరకాయను వాళ్లు అంపలాయ అంటారు. అక్కడి ఆరోగ్య శాఖ ఎంచిన పది ఔషధ మొక్కల్లో అదొకటి, షుగర్ కోసమే దాన్ని ఎంచారు. అలాగని మాత్రలు మానేయమని కాదు. షుగర్ మందులు వాడేవాళ్లు రోజూ గ్లాసుల కొద్దీ కాకర రసం తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు. కూరలో నాలుగు ముక్కలతో ఆ టెన్షన్ అక్కర్లేదు.

మునగాకు అన్నిటికంటే చివర

ఇక్కడే మనకీ వాళ్లకీ తేడా. మనం ఆషాఢంలో మునగాకు తినాలంటాం, తెచ్చి పప్పుతో పాటే కుక్కర్లో పడేసి రంగు చచ్చేదాకా ఉడికిస్తాం. వాళ్లు మలుంగాయ్‌ని స్టవ్ కట్టేసే ముందు వేస్తారు. ఒక్క నిమిషం ఉంచి, మూత పెట్టి దించేస్తారు. ఆకు పచ్చగానే ఉంటుంది, వేడికి పోయే విటమిన్లు తక్కువ పోతాయి. రెమ్మల్ని ముందురోజు రాత్రి తడిబట్టలో చుట్టి పెడితే పొద్దున దులిపితే చాలు, ఆకులు వాటంతటవే రాలతాయి. సన్న కాడలు ఏరేయండి, అవి నోటికి పీచులా తగులుతాయి.

పాలకంటే పదిహేడు రెట్లు కాల్షియం అని మునగాకు మీద వాట్సాప్‌లో తిరిగే లెక్క ఎండబెట్టిన పొడిది. పచ్చి ఆకులో అంత ఉండదు. అయినా విటమిన్ ఎ, కాల్షియం, ఇనుము బాగానే ఉంటాయి. బాలింతలకు పాలు పడతాయని అక్కడ తినోలా అనే కోడి పులుసులో గుప్పెడు మునగాకు వేసి పెడతారు. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచే ముందు డాక్టర్‌ను అడగాలి.

పెసల్లో, ఆకులో ఉన్న ఇనుము ఒంటికి సరిగా పట్టాలంటే పక్కన విటమిన్ సి ఉండాలి. అందుకే నిమ్మకాయను గిన్నెలో కాకుండా కంచంలో వడ్డించుకున్నాక పిండుకోండి. తినగానే టీ తాగే అలవాటుంటే గంట ఆగండి, టీ ఆ ఇనుమును పట్టనివ్వదు.

వేడన్నంలో వేసుకోండి. మర్నాటికి పెసలు గడ్డకట్టి ఆకు నల్లబడుతుంది. మిగులుతుందని ముందే తెలిస్తే ఆకు వేయకముందే సగం తీసి ఫ్రిజ్‌లో పెట్టి, తినేటప్పుడు కాసిన్ని వేడినీళ్లు పోసి మరిగించి, అప్పుడు గుప్పెడు మునగాకు వేసుకోండి.