కళింగపట్నం వెళ్తే ముందు కొండ ఎక్కండి

శ్రీకాకుళం దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న పాత రేవు ఊరు కళింగపట్నం. ఆ పేరు అనగానే అందరూ నేరుగా బీచ్‌కి వెళ్లిపోతారు. లైట్‌హౌస్ ముందు నాలుగు ఫొటోలు దిగి, "ఇంతేనా?" అంటూ తిరిగొస్తారు. హైదరాబాద్ నుంచి మా పెద్దమ్మ కొడుకులు వచ్చినప్పుడు నేనూ అలాగే తిప్పాను. తప్పు నాదే. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు పక్కనే పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ ఎక్కిస్తున్నాను.

రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. పేరు చూసి ఊళ్లోకి వచ్చేశామనుకోకండి, స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం సుమారు 30 కిలోమీటర్లు. బస్సులున్నాయి గానీ, కొండ కూడా చూడాలంటే ఆటో మాట్లాడుకోవడమే సుఖం.

కొండకి పొద్దున్నే వెళ్లండి. ఒకసారి మే నెలలో పదకొండింటికి తీసుకెళ్లాను. మా వదిన సగం దారిలో గొడుగేసుకుని కూర్చుండిపోయి, "మీ బుద్ధుణ్ణి మీరే చూసి రండి" అంది.

పైన ఇటుక స్తూపాలు, చైత్యాల (బౌద్ధుల ప్రార్థనా మందిరాల) పునాదులు ఉంటాయి. 1919లో వీటిని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. అవును, వాడుక భాష కోసం పోరాడిన గిడుగువారే. ఒక స్తూపం దగ్గర కాసేపు ఆగండి. దాని పునాది అచ్చం బండిచక్రంలా, ఆకులతో (మధ్య నుంచి అంచుకి పోయే చువ్వలతో) సహా కట్టి ఉంటుంది. మ్యూజియంలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు చూసి బయటికొచ్చాక తూర్పుకి తిరిగి నిలబడండి. కింద వంశధార, అది పోయి కలిసే సముద్రం. రేవు అక్కడే ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక నది వెంటే కిందికి రండి. ఊళ్లో మీకు గోదాములు, జెట్టీలతో హార్బర్ కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఇక్కడ ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు చిన్న పడవల మీద ఒడ్డు చేరేది. రైలు దారి ఈ ఊరికి రాలేదు, 1933లో విశాఖ హార్బర్ మొదలైంది, ఈ రేవు పని మెల్లగా అయిపోయింది. లైట్‌హౌస్ మాత్రం ఉంది. పైకి ఎక్కనిస్తారో లేదో కింద అడగండి. ఊళ్లో పాత దర్గా కూడా ఉంది, తలమీద గుడ్డ వేసుకుని వెళ్లి రండి.

నన్నడిగితే అన్నిటికంటే చూడాల్సింది అలివి వల, అంటే సముద్రంలో వేసి ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్ద వల, లాగడం. దానికి టైమంటూ లేదు, ఒడ్డున ఉన్నవాళ్లని అడగాల్సిందే. రెండు జట్లు చెరో తాడు పట్టుకుని, మడమలు ఇసుకలో దిగేసి వెనక్కి నడుస్తారు. తాడు చివరికి చేరినవాడు వదిలేసి, మళ్లీ నీళ్ల దగ్గరికి పరిగెత్తి ముందు పట్టుకుంటాడు. అడిగితే మీకూ ఒక చోటు ఇస్తారు. నేను పది నిమిషాలు లాగాను, అరచేతులు రెండు రోజులు మండాయి. వల సంచి ఒడ్డుకి వచ్చే సరికి కాకులు, కుక్కలు, పిల్లలు అందరూ హాజరు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మాత్రం స్నానానికి దిగకండి. చూడ్డానికి మోకాటి లోతే. కాలి కింద ఇసుక జారిపోతుంది, లోపల లాగుడు వేరేగా ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు గార మీదుగా శ్రీకూర్మం రండి. కూర్మనాథుడి గుడికి రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో బతికున్న తాబేళ్లు. గోడల మీది పాత బొమ్మల్ని చేత్తో తడమకండి, ఇప్పటికే చాలా పోయాయి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి సాయంత్రానికి చేరేలా చూసుకోండి.

ఎండుచేపలు కొనాలనుకుంటే మాత్రం గుడి సంగతి ఇంకో రోజుకి పెట్టుకోండి. మేం రెండు కిలోల ఎండు కవ్వళ్ల సంచి ఆటోలో వదిలి దర్శనానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి ఆటో అతను బండిని గుడికి అల్లంత దూరాన పెట్టుకుని, పక్కన చెట్టు కింద నిలబడి ఉన్నాడు.