ఒక రాక్ బ్యాండ్‌ని ఇంకో బ్యాండ్‌తో పోల్చేటప్పుడు

"వీళ్లు అచ్చం లెడ్ జెప్లిన్‌లాగే ఉన్నారు" అనేసి వదిలేస్తే వినేవాళ్లకి ఏమీ తెలియదు. ఏం వింటే మీకు అలా అనిపించింది? గొంతా, గిటార్ టోనా, డ్రమ్స్ కొట్టే తీరా, పాట కట్టిన పద్ధతా? ముందు అది తేల్చుకోండి, సగం పని అయిపోయినట్టే.

ఎలా వినాలో ఒక జంటతో చెప్తాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పిక్సీస్ వాళ్ల 1988 పాట 'జైగాంటిక్' వినండి. మొదట బేస్ గిటార్ ఒక్కటే నడుస్తుంది, గొంతు కూడా నెమ్మదిగానే ఉంటుంది, తీరా కోరస్ వచ్చేసరికి గిటార్లు ఒక్కసారిగా మీద పడతాయి. వెంటనే నిర్వానా వాళ్ల 1991 పాట 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' పెట్టండి. చరణంలో బేస్, డ్రమ్స్, వాటి మీద గిటార్‌వి రెండంటే రెండే స్వరాలు. కోరస్‌లో మళ్లీ అదే విరుచుకుపడటం. ట్యూన్లు వేరు, గొంతులు వేరు, కానీ తగ్గి లేచే తీరు మాత్రం ఒక్కటే.

ఇంతవరకూ ఇది పోలిక మాత్రమే. ప్రభావం అనాలంటే ఆధారం కావాలి. ఇక్కడ అది గట్టిగా ఉంది: 'టీన్ స్పిరిట్'తో తాను పిక్సీస్‌ని అనుకరించబోయానని నిర్వానా గాయకుడు కర్ట్ కోబెయిన్ 1994లో రోలింగ్ స్టోన్ ఇంటర్వ్యూలో తనే ఒప్పుకున్నాడు. పైగా పిక్సీస్ ఆల్బమ్ 'సర్ఫర్ రోసా'ని రికార్డ్ చేసిన స్టీవ్ అల్బీనీనే నిర్వానా 1993 ఆల్బమ్ 'ఇన్ యూటెరో'కి పిలిపించుకుంది. కాబట్టి ఇంటర్వ్యూలు, కవర్ పాటలు, ఆల్బమ్ వెనక రాసే పేర్లు, ఇవన్నీ చూడండి. తేదీలు సరే, అవి ఎలాగూ చూడాలి.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇంకోచోట. అన్నదమ్ముల ముక్కు ఒకేలా ఉంటే తమ్ముడు అన్న దగ్గర తెచ్చుకున్నట్టు కాదు కదా, ఇద్దరికీ తాత ముక్కు వచ్చింది. బ్యాండ్లూ అంతే. ఈ మధ్య వచ్చిన గ్రెటా వాన్ ఫ్లీట్ బ్యాండ్‌ని జెప్లిన్ కాపీ అనే ముందు జెప్లిన్ వెనక ఉన్న బ్లూస్, అంటే అమెరికా నల్లజాతి వాళ్ల పాత సంగీతం, వినండి. జెప్లిన్ పాట 'హోల్ లాటా లవ్' తన పాట నుంచే వచ్చిందని బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో కేసు వేస్తే, చివరికి కోర్టు బయట రాజీ కుదిరింది. అందుకే 'కాపీ' అనే మాట వాడటానికి నేను చాలా ఆలోచిస్తాను.

ఒక్కోసారి శైలి వెనక కారణం సంగీతం కూడా కాదు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీకి పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ కొసలు తగిలించుకుని వాయించేవాడు, తీగలు వదులుగా ఉంటే నొక్కడం తేలికని ట్యూనింగ్ దించాడు. 1971 ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటలకి ఏకంగా మూడు సెమీటోన్లు (సెమీటోన్ అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య ఉండే అతి చిన్న మెట్టు) దించాడు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో మెటల్ బ్యాండ్లు, వేళ్లు బాగానే ఉన్నా, ఆ బరువైన సౌండ్ కోసమే ట్యూనింగ్ దించుకున్నాయి. మీరు వినే బ్యాండ్‌లో అలాంటి సౌండ్ ఉంటే అక్కడిదాకా వెనక్కి వెళ్లండి.

ఇక రాసేటప్పుడు బ్యాండ్ పేర్లతో సరిపెట్టకండి. ఏ పాట, ఎన్నో నిమిషం, ఏ వాయిద్యం అన్నది రాయండి, చదివేవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి విని మీతో వాదించుకోగలగాలి.