మౌతార్గాన్ పలకడం మానేస్తే

చెన్నైలో అక్టోబరు వానలు మొదలైతే ఉప్పు డబ్బాతో పాటు మా మాంబళం ఇంట్లో మౌతార్గానూ చెమ్మగిల్లుతుంది. నిన్నటిదాకా హాయిగా పలికిన రంధ్రం ఇవాళ మూగనోము పడుతుంది. వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోకండి.

ముందు రంధ్రాలు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికేసి నాలుగుసార్లు తట్టండి. లోపల నిలిచిన ఉమ్మి తడి రాలిపోతే చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది.

తర్వాత తప్పు వాద్యానిదా, మీదా తేల్చుకోండి. మామూలు పది రంధ్రాల మౌతార్గాన్‌లో రెండో రంధ్రంలో గాలి పీల్చినా, మూడోదానిలో ఊదినా వచ్చేది ఒకే స్వరం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదట మొరాయించేది ఆ రెండోదే. గట్టిగా లాగితే లోపలి రీడు, అంటే గాలికి అదిరి స్వరం పలికే సన్నటి లోహపు నాలుక, ఉక్కిరిబిక్కిరవుతుంది. మెల్లగా పీల్చి చూడండి. పలికితే వాద్యానికి ఏ జబ్బూ లేదు.

అప్పటికీ పలకకపోతే పైరేకులు విప్పండి. కింద తెల్ల గుడ్డ పరిచి, స్క్రూలు గిన్నెలో వేసుకోండి. లోపల రెండు ఇత్తడి పలకలు, ఒక్కోదానికి పది రీడ్లు కనిపిస్తాయి. పీల్చినప్పుడు మోగేవి కింది పలక బయటివైపున ఉంటాయి కనుక రేకు తీయగానే ఎదురవుతాయి. ఊదినప్పుడు మోగేవి పై పలక లోపలివైపు ఉంటాయి. వాటి కోసం పలకనూ విప్పాలి.

ఇప్పుడు పలకను దీపానికి ఎదురుగా పట్టుకోండి. రీడు రెండు పక్కలా వెంట్రుకంత వెలుగు గీత కనిపించాలి. ఒక పక్క గీత మాయమైతే అక్కడ ఏదో అడ్డుపడిందన్నమాట. నాకు ఒకసారి దొరికింది జంతిక తునక! తిన్న వెంటనే నోరు కడుక్కోకుండా వాయించినందుకు శాస్తి. సన్నటి కాగితపు ముక్కను రీడు కిందికి దూర్చి, రివెట్ (రీడును పలకకు బిగించిన చిన్న మేకు) వైపు నుంచి కొనవైపుకే లాగండి. ఎదురు లాగితే కొన వంగిపోతుంది.

చెత్త లేకపోయినా పలకట్లేదా? కొన దగ్గర ఖాళీ చూడండి. అది ఇంచుమించు రీడు మందమంత ఉండాలి. తక్కువైతే గట్టి ఊపిరికి రీడు నోరు మూసుకుంటుంది, ఎక్కువైతే గాలే తప్ప స్వరం రాదు. పంటిపుల్లతో రివెట్ దగ్గర కొద్దికొద్దిగా వంచి సరిచేయండి.

శ్రుతి తప్పితే కథ వేరు. రీడు కొన దగ్గర గీస్తే శ్రుతి పెరుగుతుంది, రివెట్ దగ్గర గీస్తే తగ్గుతుంది. పాత మౌతార్గాన్ మీద చేయి తిరిగాకే ఈ పనికి దిగండి. రీడు పగిలితే మాత్రం గీకి లాభం లేదు, రీడునో పలకనో మార్చాల్సిందే.

మధ్య చట్రం ప్లాస్టిక్‌దైతే గోరువెచ్చని నీటితో కడగవచ్చు. చెక్కదైతే నీళ్లు తగలనివ్వకండి, ఉబ్బుతుంది. నూనె చుక్క వేయమని ఎవరు చెప్పినా వినకండి, దుమ్మంతా అక్కడే అతుక్కుంటుంది.

తిరిగి బిగించాక ఒక్కో రంధ్రం ఊది, పీల్చి చూడండి. ఎక్కడైనా జుమ్మని గరగర వస్తే పైరేకు రీడుకు తగులుతున్నట్టే. స్క్రూలు వదులుచేసి, రేకును కొంచెం జరిపి మళ్లీ బిగించండి.