రెండువందల గజాల ఇంటి పెరట్లో ఏ చెట్టు నాటాలి, ఎలా నాటాలి?

మొక్కల బండి వీధిలోకి రాగానే నచ్చినదాన్ని కొని, ఆ తరువాత దానికి చోటు వెతకడం చాలామందికి అలవాటు. జరగవలసింది దీనికి తలకిందులు. ముందుగా టేపు తీసుకొని పెరట్లోకి వెళ్లి, ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య ఎంత ఖాళీ ఉందో, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు, మురుగునీటి గొట్టాలు ఎక్కడున్నాయో, పైన కరెంటు తీగలు ఎటునుంచి ఎటు పోతున్నాయో ఒక కాగితం మీద గీసుకోవాలి. సంచిలోని మూడడుగుల మొక్కను కాక, ఇరవై ఏళ్ల నాటి చెట్టును ఆ కాగితం మీద ఊహించి చూస్తే సగం జాతులు వాటంతట అవే తప్పుకుంటాయి.

రావి, మర్రి, జువ్వి ఇంటి ఆవరణలో తగవని వేరే చెప్పనక్కరలేదు. వేప మంచి చెట్టే అయినా 15 మీటర్లు దాటి పెరిగి, అంతే విశాలంగా కొమ్మలు చాస్తుంది కాబట్టి, ఇల్లు కట్టగా మిగిలిన పది పన్నెండు అడుగుల సందులో దాన్ని నాటడం దానికీ ఇంటికీ కూడా అన్యాయమే. తురాయి పూతకు వచ్చినప్పుడు కళ్లు తిప్పుకోలేము గాని, దాని కర్ర పెళుసు, వేళ్లు పైపైనే పాకుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖలో కూలిన చెట్లను చూసినవారికి గాలి తాకిడి సంగతి చెప్పనవసరం లేదు. త్వరగా పచ్చదనం ఇస్తుందని విరివిగా నాటిన కోనోకార్పస్‌ను గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. ఏడాకుల పాల పూల ఘాటు పడకగది కిటికీ పక్కన భరించడం కష్టం. పసిపిల్లలున్న ఇంట్లో పచ్చగన్నేరు వద్దు, అందులో ప్రతి భాగమూ విషమే. తప్పుగా నాటిన చెట్టును తరువాత కొట్టించుకోవచ్చులే అనుకోవడం కూడా పొరపాటు. నాటడానికి ఎవరినీ అడగనక్కరలేదు గాని, చాలా జాతులను కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి.

ఒకే చెట్టుకు చోటుంటే నా ఓటు జామకు. అది కత్తిరింపును ఓర్చుకుంటుంది, నేల విషయంలో పెద్దగా పేచీ పెట్టదు, అంటుమొక్క రెండు మూడేళ్లలో కాపుకు వస్తుంది. ఇంకా తక్కువ చోటుంటే కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, పారిజాతం సరిపోతాయి. మునగ వేగంగా ఎదుగుతుంది కాని, కొమ్మలు ఇట్టే విరుగుతాయి, వానాకాలంలో గొంగళిపురుగులు మాను నిండా పడతాయి కాబట్టి దాన్ని ఏటా నరికి పొట్టిగా ఉంచుకోగలిగినవారే పెట్టుకోవాలి. మామిడి లేనిదే పెరడు కాదనేవారు బంగినపల్లికి ఎనిమిది నుంచి పది మీటర్ల ఎడం కావాలని గుర్తుంచుకోవాలి. అంత చోటు లేకపోతే దశేరి, నీలం రకాలను సంకరపరచి తయారుచేసిన, పొట్టిగా పెరిగే ఆమ్రపాలిని ఎంచుకోవడం మేలు.

నేలను పరీక్షించడానికి అడుగున్నర లోతు గుంట తవ్వి, నిండా నీళ్లు పోసి చూడాలి. మరునాటికి కూడా నీళ్లు నిలిచి ఉంటే, నల్లరేగడిలో తరచూ ఇలాగే జరుగుతుంది, అక్కడ మొక్కను ఎత్తైన మట్టిదిబ్బ మీద నాటాలి.

మొక్కను కొనేటప్పుడు అన్నిటికన్నా పొడుగైనదాన్ని కాక, కాండం గట్టిగా ఉండి, అంటు బాగా అతుక్కున్నదాన్ని తీసుకోవాలి. సంచి అడుగు నుంచి లావుపాటి వేళ్లు పొడుచుకొని వచ్చాయంటే అది అందులో మరీ ఎక్కువకాలం ఉన్నట్టు. అలాంటి మొక్కల వేళ్లు లోపల చుట్టలు చుట్టుకొని, నేలలో పెట్టాక కూడా అలాగే ఉండిపోతాయి.

అసలు పని గుంటలో ఉంది. మామిడికి మీటరు పొడవు, వెడల్పు, లోతు, జామకు అందులో సగానికి కొంచెం ఎక్కువగా, మే నెలలోనే తవ్వించి, పైమట్టిని ఒక పక్కన, అడుగుమట్టిని మరో పక్కన పోయించాలి. రోహిణి కార్తె ఎండ గుంట అడుగుదాకా పడితే నేలలోని పురుగులు, తెగుళ్లు చాలావరకు తగ్గుతాయి. ఆపైన పైమట్టిలో సుమారు 20 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, కిలో సూపర్ ఫాస్ఫేట్, కొంత వేపపిండి కలిపి నింపాలి. పచ్చిపేడ మాత్రం వేయకూడదు, అది చెదను పిలుస్తుంది. నింపిన మట్టి ఒకటి రెండు వానలకు అణిగాక, మృగశిర, ఆరుద్ర కార్తెలలో నాటాలి. ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడే నెల్లూరు వైపు అక్టోబరు వరకు ఆగవచ్చు.

సాయంత్రం వేళ, మట్టిముద్ద చెదరకుండా ప్లాస్టిక్ సంచిని కోసి పూర్తిగా తీసివేసి, సంచిలో ఎంత లోతున ఉందో అంతే లోతున మొక్కను నిలపాలి. అంటు కట్టిన చోటు తప్పనిసరిగా నేలకు జానెడు పైన ఉండాలి. చుట్టూ మట్టిని కాలితో తొక్కి గట్టిపరచి, ఊతకర్రకు వదులుగా కట్టి, వెంటనే నీళ్లు పోయాలి. పాదులో ఎండుటాకులు పరచవచ్చు గాని, అవి కాండానికి ఆనకూడదు. మొదటి రెండు వేసవులు రోజూ చెంబెడు నీళ్లు పోసే కన్నా, నాలుగైదు రోజులకొకసారి పాదు నిండా పోస్తే వేళ్లు లోతుకు దిగుతాయి. అంటుకు కింద పుట్టే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లివేయకపోతే అవే పెరిగి అసలు రకాన్ని మింగేస్తాయి. మామిడి అంటు నాటిన మరుసటి ఏడాదే పూత వేస్తే ఇంట్లో అందరూ సంబరపడతారు, తుంచబోతే అడ్డుపడతారు. అయినా మొదటి మూడేళ్ల పూతను తుంచివేయవలసిందే.