పండుగ మాటలతో చదువు ఆటలు: ఎల్‌కేజీ, యూకేజీ క్లాసులో ఎలా ఆడించాలి?

పండుగ దగ్గర పడిందంటే చిన్నపిల్లల క్లాసులో పాఠం ముందుకు సాగదు. సెలవులు ఎప్పుడు, కొత్త బట్టలు ఏ రంగు, ఇంటికి ఎవరెవరు వస్తున్నారు... కబుర్లన్నీ అవే. ఆ హుషారును అణచే కంటే అక్షరాల వైపు తిప్పుకోవడమే తేలిక. కాకపోతే పండుగ ఆట అనేది చాలాసార్లు రంగు కాగితాలు కత్తిరించి అతికించడం దగ్గరే ఆగిపోతుంది. పీరియడ్ అయిపోతుంది, గోడ నిండుతుంది, పిల్లలు ఒక్క అక్షరమైనా చదివి ఉండరు.

అందుకే ఏ ఆట ఎంచుకున్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి. అక్షరం చూడకుండా, శబ్దం వినకుండా ఈ ఆట గెలవచ్చా? గెలవచ్చు అంటే అది చదువు ఆట కాదు. దీపం బొమ్మల మీద ‘దీ’ అనీ, గంట బొమ్మల మీద ‘గం’ అనీ రాసి జత చేయమన్నారనుకోండి. పిల్లలు బొమ్మను చూసి చకచకా జత చేసేస్తారు, అక్షరం జోలికే పోరు. అదే కార్డులన్నిటి మీదా ఒకే దీపం బొమ్మ వేసి అక్షరాలు మాత్రం మార్చండి. ఇక అక్షరం చూడక తప్పదు.

మొదట అక్షరాలు, తర్వాతే పండుగ

ఈ వారం ఏ అక్షరాలు ఆడించాలో ముందే తేల్చుకోండి. ఐదు చాలు. అందులో మూడు పిల్లలకు బాగా వచ్చినవి, రెండు ఇంకా తడబడుతున్నవి ఉండాలి. అన్నీ కొత్తవే అయితే ఆట కాస్తా పరీక్ష అయిపోతుంది. ప, వ, మ లాగా చూడ్డానికి దగ్గరగా ఉండే అక్షరాలను కొత్తగా నేర్పే వారంలో పక్కపక్కన పెట్టకండి. విడివిడిగా గట్టిపడ్డాక కలిపి ఆడిస్తే మాత్రం అవి మంచి సరుకు.

ఇప్పుడు పండుగ మాటలు వెతకండి. ఇక్కడ తెలుగుకే ఉన్న ఒక చిక్కు చూసుకోవాలి. ‘ద’ నేర్పడానికి ‘దీపం’ బొమ్మ చూపిస్తే పిల్లలకు కనిపించేది ద కాదు, దీ. గుణింతం ఇంకా రాని పిల్లలకు అది వేరే అక్షరం కిందే లెక్క. కాబట్టి మొదట్లో గుణింతం గుర్తు లేని అక్షరంతో మొదలయ్యే మాటలు తీసుకోండి: టపాకాయ, మతాబు, బహుమతి, కలశం. గుణింతాల్లోకి దిగాక దీపం, పూలు, గాలిపటం, తోరణం తేవచ్చు. ముగ్గు, నక్షత్రం, కొవ్వొత్తి లాంటి ఒత్తుల మాటలను చెవితో ఆడే ఆటలకు వాడండి. చదవమని మాత్రం అప్పుడే అడగొద్దు.

క్లాసులో అన్ని ఇళ్లలోనూ ఒకే పండుగ ఉండదు. దీపం, పూలు, నక్షత్రం, నెలవంక, రంగులు, బహుమతి కలిపి తీసుకుంటే ఎవరూ బయట నిలబడాల్సిన పని ఉండదు. ‘మీ ఇంట్లో పండుగకి ఏం కనిపిస్తుంది?’ అని పిల్లలనే అడిగితే సగం మాటలు వాళ్లే ఇస్తారు.

కార్డుల తయారీ

మందపాటి అట్ట, అరచేయి అంత కార్డు, నల్లటి లావు గీత, ఒకే రకం రాత ఉంటే సరిపోతుంది. ప్రతి కార్డుకీ కింది అంచున ఒక రంగు గీత గీయండి. లేకపోతే పిల్లలు తలకిందులుగా పట్టుకుని ‘ఇదేంటి టీచర్?’ అంటూ వరస కడతారు. అలంకారం తక్కువగా ఉంటేనే మంచిది. మెరుపులు అద్దిన అక్షరంలో తలకట్టు ఎక్కడుందో పెద్దవాళ్లకే తెలియదు.

ఆట 1: దీపాలు వెలిగిద్దాం

ఇది చెవి ఆట, అక్షరాలు రాని పిల్లలకూ పనికొస్తుంది. నల్లబల్ల మీద వరసగా ఐదు ప్రమిదలు గీయండి. పసుపు కాగితంతో చేసిన జ్వాలలు ఒక పళ్లెంలో పెట్టండి. మీరు ఒక మాట చెప్తారు, పిల్లలు దాన్ని విరిచి చప్పట్లు కొడతారు. గా–లి–ప–టం, నాలుగు చప్పట్లు. ఒకరు వచ్చి నాలుగు ప్రమిదలకు జ్వాలలు పెడతారు.

మొదట దీ–పం, గం–ట లాంటి రెండు చప్పట్ల మాటలు ఇవ్వండి. తర్వాత పం–డు–గ, మ–తా–బు. చివర్లో బ–హు–మ–తి. ‘నక్షత్రం’ దగ్గర సరదా మొదలవుతుంది. కొందరు ‘నక్–షత్–రం’ అంటారు, కొందరు ‘న–క్ష–త్రం’ అంటారు. రెండింటికీ మూడు చప్పట్లే కాబట్టి ఇప్పుడు సరిదిద్దాల్సిన పని లేదు. రాయడం వచ్చాక ఒత్తు ఎక్కడికి చేరాలో వాళ్లకే తెలుస్తుంది.

చప్పట్లు కుదిరాక ఆటను కొంచెం తిప్పండి. మొదటి జ్వాల ‘ఆర్పేసి’, ‘గాలిపటంలో గా పోతే ఏం మిగిలింది?’ అని అడగండి. ‘లిపటం!’ అని అరిచి పడీ పడీ నవ్వుతారు. మాటను ముక్కలు చేసి మళ్లీ అతికించే ఈ పనే చదవడానికి పునాది. నాకు ఒక్క ఆటకే టైమ్ ఉందంటే ఇదే ఆడిస్తాను.

ఆట 2: అక్షరాల తోరణం

ఆకు ఆకారంలో కత్తిరించిన కార్డుల మీద ఒక్కో అక్షరం రాయండి. నలుగురు పిల్లలకు ట, పా, కా, య ఇచ్చి, ముందు వరస తప్పించి నిలబెట్టండి. కూర్చున్న పిల్లలు వేలు పెట్టి చదువుతారు: ‘కా–ట–య–పా’. ఏదో తేడాగా ఉందని వాళ్లకే తెలుస్తుంది. ‘ఎవరు ఎటు జరగాలి?’ అని అడిగి వదిలేయండి. ‘నువ్వు ఇటు రా, పా అటు పోవాలి’ అంటూ కూర్చున్నవాళ్లే చోట్లు మారుస్తారు. సరైన మాట వచ్చాక నాలుగు ఆకుల్నీ క్లిప్పులతో దారానికి తగిలించండి.

నిలబడ్డవాళ్లకు తమ కార్డు కనబడదు కదా. అందుకని వెనక వైపు కూడా అదే అక్షరం రాయండి. దారం మాత్రం గోడకే కట్టాలి, పిల్లల మెడలో వేయకూడదు.

ఆట 3: శుభాకాంక్షల పోస్ట్

పిల్లలు అన్నిటికంటే ముందు గుర్తుపట్టే రాత తమ పేరే. దాన్ని వాడుకోండి. ప్రతి బిడ్డకూ పేరు రాసిన ఒక కవరు డబ్బా, వారం పొడుగునా చేసిన గ్రీటింగ్ కార్డులు, ఒక సంచి సిద్ధం చేయండి. రోజుకు ఇద్దరు పోస్ట్‌మన్‌లు. సంచిలోంచి కార్డు తీసి, పేరు చదివి, సరైన డబ్బాలో వేయాలి.

రవి, రమ్య, రజని ఒకే క్లాసులో ఉంటే మీ అదృష్టం. మొదటి అక్షరం చూసి ఊహించడం కుదరదు, రెండోది కూడా చదవాల్సిందే. తప్పు డబ్బాలో పడితే మీరు చెప్పకండి. కార్డు అందుకున్న బిడ్డే ‘ఇది నాది కాదు!’ అంటుంది.

గాలిపటం తోక ఆట కూడా ఇలాంటిదే. ఒక్కో గాలిపటం మీద ఒక అక్షరం ఉంటుంది. అదే అక్షరంతో మొదలయ్యే బొమ్మల్ని తోకగా అంటించాలి. ఇది ఖాళీ దొరికినప్పుడు ఇద్దరేసి పిల్లలు సొంతంగా ఆడుకోవచ్చు.

ఆడించేటప్పుడు

ఐదారుగురి గుంపు, పది పదిహేను నిమిషాలు. క్లాసు మొత్తాన్నీ ఒకేసారి ఆడిస్తే ఒకరు ఆడుతుంటే మిగతావాళ్లు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. తప్పు చెప్తే అవుట్ అనే పద్ధతి అసలు వద్దు. అందరికంటే ముందు బయటికి వెళ్లేది అభ్యాసం అందరికంటే ఎక్కువ కావాల్సిన పిల్లలే. నోరు విప్పని బిడ్డను చెప్పమని ఒత్తిడి పెట్టకండి. కార్డు చూపించమంటే చాలు, వచ్చో రాదో మీకు తెలిసిపోతుంది.

నిజం దీపాలు, కొవ్వొత్తులు, నోట్లో పెట్టుకునే సైజు పూసలు ఈ వయసు పిల్లల క్లాసులోకి రానివ్వకండి.

రోజుకు ముగ్గురు పిల్లల్ని మాత్రమే గమనించి, ఎవరు ఏ అక్షరం దగ్గర ఆగారో నోట్‌బుక్‌లో రాసుకోండి. అందరినీ ఒకేరోజు చూడాలని టెన్షన్ పడితే ఎవరినీ సరిగ్గా చూడలేం. వచ్చే వారం అక్షరాలు ఈ పేజీలోంచే దొరుకుతాయి.

పండుగ అయిపోగానే కార్డులు చింపేయకండి. ఆట పద్ధతి అలాగే ఉంచి బొమ్మలు మాత్రం మార్చండి. ప్రమిదల స్థానంలో నక్షత్రాలు రావచ్చు, ఆకుల స్థానంలో జెండాలు రావచ్చు. రూల్స్ ముందే తెలుసు కాబట్టి మళ్లీ వివరించే పని ఉండదు, కార్డులు పంచగానే ఆట మొదలుపెట్టవచ్చు.