వయసు మళ్లిన తండ్రితో తొలి బైసన్ వేట: ప్రయాణాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి

బైసన్ అనగానే మనలో చాలామందికి మన అడవిదున్నే గుర్తుకు వస్తుంది. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జంతువు, దానిని వేటాడడం నేరం. ఇక్కడ చెప్పబోయేది అమెరికా గడ్డి మైదానాల బైసన్‌ను అక్కడి చట్టం ప్రకారం, పర్మిట్‌తో వేటాడడం గురించి. తొలిసారి వెళ్లేవారు సాధారణంగా తుపాకీతో ఆలోచన మొదలుపెడతారు. తండ్రి డెబ్బై దాటినవారైతే ఆయన మోకాళ్లతో, ఊపిరితో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ఎంత దూరం నడవగలరని ఆయననే అడిగితే ప్రయోజనం ఉండదు, "నాకేమైంది, శుభ్రంగా నడుస్తాను" అనే అంటారు. బరువైన చలికోటు, బూట్లు వేయించి, ఎగుడుదిగుడు నేల మీద ఒక గంట మీరూ ఆయనతో కలిసి నడిచి, ఎక్కడ ఆగారో, ఆగాక ఊపిరి కుదుటపడడానికి ఎంతసేపు పట్టిందో గమనించండి. ఆ గంటలో తెలిసినదాన్ని బట్టే వేట స్థలాన్ని ఎంచుకోవాలి.

స్థలాలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది, స్వేచ్ఛగా తిరిగే మందలున్న కొండ ప్రాంతం. యూటా రాష్ట్రంలోని హెన్రీ పర్వతాల మంద ఇందుకు మంచి ఉదాహరణ. 1941లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు నుంచి తెచ్చిన కొద్దిపాటి జంతువులతో అది మొదలైంది. అక్కడి ఎలెన్ శిఖరం ఎత్తు 11,500 అడుగుల పైమాటే, దగ్గరి ఊరు హాంక్స్‌విల్ చాలా చిన్నది, ఆసుపత్రి దూరం. పర్మిట్ లాటరీలో రావాలి, అదీ జీవితంలో ఒక్కసారే. లాటరీ తగలని ప్రతిసారీ తర్వాతి అవకాశాన్ని పెంచే బోనస్ పాయింట్లు కూడబెట్టుకుంటూ ఏళ్ల తరబడి ఆగే వ్యవధి కొడుకుకో కూతురుకో ఉండవచ్చు గాని, తండ్రికి ఉండకపోవచ్చు. రెండవది, దక్షిణ డకోటాలోని కస్టర్ స్టేట్ పార్క్ వంటి చోటు. 1914లో 36 బైసన్‌లతో మొదలైన అక్కడి మంద ఇప్పుడు వెయ్యికి పైబడింది. మంద పెరుగుదలను అదుపులో ఉంచడానికి పరిమితంగా వేటకు అనుమతిస్తారు, పార్క్ సిబ్బంది వెంట ఉంటారు. మూడవది ప్రైవేటు రాంచ్, అంటే బైసన్‌లను కంచె లోపల పెంచే సొంత భూమి. అక్కడ వాహనంలో చాలా దగ్గరి వరకు వెళ్లవచ్చు, తేదీ మనకు అనువుగా పెట్టుకోవచ్చు. కంచె లోపలి వేట వేటే కాదనేవారున్నారు, వారి మాటను నేను కొట్టిపారేయను. అయినా నడక కష్టమైన తండ్రికి నేనైతే రాంచ్‌నే ఎంచుకుంటాను, కంచె విస్తీర్ణం ఎంతో ముందే అడిగి తెలుసుకుని.

సందర్శక వీసాపై వచ్చే తండ్రుల విషయంలో ఒక చిక్కు ఉంది. చాలా రాష్ట్రాల్లో రాంచ్ బైసన్‌ను పెంపుడు పశువుగా లెక్కిస్తారు కాబట్టి వేట లైసెన్సు అక్కర్లేదని యజమాని నిజాయితీగానే చెప్పవచ్చు. కాని తాత్కాలిక వీసాపై ఉన్న వ్యక్తి తుపాకీని గాని, తూటాను గాని దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, అది అద్దెకు తెచ్చినదైనా సరే. అమెరికాలో జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం ఆ నిషేధానికున్న ముఖ్యమైన మినహాయింపు. అందువల్ల రాంచ్ అడగకపోయినా నాన్నగారి పేరిట లైసెన్సు తీసుకోవాలి, దానికి ముందు వేట శిక్షణ కోర్సు అవసరమేమో ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖను అడగాలి. మీరు హెచ్‌1బి వీసాపై ఉంటే ఇదే నియమం మీకూ వర్తిస్తుంది. నడవలేనివారు ఆగి ఉన్న వాహనం నుంచి కాల్చడానికి కొన్ని రాష్ట్రాలు ప్రత్యేక అనుమతి ఇస్తాయి. దానికి డాక్టరు సంతకం కావాలి కాబట్టి ఆ దరఖాస్తు కూడా ముందుగానే పెట్టుకోవాలి.

డాక్టరును ఎలాగూ కలుస్తారు కాబట్టి సాధారణ పరీక్షతో సరిపెట్టకుండా సూటిగా కొన్ని ప్రశ్నలు అడగండి. 8,000 అడుగులు దాటిన ఎత్తులో తలనొప్పి, వికారం, ఆయాసం రావచ్చు కాబట్టి, ఒకటి రెండు రోజులు ముందే చేరి శరీరాన్ని అలవాటు పడనివ్వాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే చిన్న కోత నుంచి కూడా రక్తం చాలాసేపు కారుతుంది, కత్తి పని ఆయనకు అప్పగించకూడదు. పేస్‌మేకర్ ఉంటే, అది ఏ వైపు ఉందో ఆ భుజానికి రైఫిల్ ఆనించి కాల్చవచ్చో లేదో గుండె వైద్యుడే చెప్పాలి.

సాధన విషయంలో నా అనుభవం ఒకటి చెబుతాను. మా నాన్నగారు పలచని చొక్కాతో 100 గజాల గురి చక్కగా కొట్టేవారు. చలికోటు వేయించిన రోజున రైఫిల్ మీది స్కోప్‌లో (గురి చూసే దుర్భిణిలో) చుట్టూ నల్లటి వలయం తప్ప మరేమీ కనపడడం లేదని విసుక్కున్నారు. కోటు మందం వల్ల రైఫిల్ రెండంగుళాలు ముందుకు జరిగింది, కన్ను స్కోప్‌కు దూరమైంది, అంతే. స్కోప్‌ను కొంచెం వెనక్కి జరపగానే సరిపోయింది. వేట రోజున వేసుకునే దుస్తులతోనే, కూర్చుని, మూడు కాళ్ల స్టాండు మీద రైఫిల్ ఆనించి సాధన చేయించండి. చెవులకు రక్షణ తప్పనిసరి. మాట వినిపిస్తూ తుపాకీ మోతను మాత్రం తగ్గించే ఎలక్ట్రానిక్ రకమైతే గైడ్ గుసగుసగా చెప్పినది కూడా ఆయనకు అందుతుంది.

గురి ఎక్కడ పెట్టాలన్నది బైసన్ విషయంలో మోసపుచ్చుతుంది. ఆ పెద్ద మూపురం, దాని కింద వేలాడే దట్టమైన జూలు చూసి శరీరం మధ్యభాగం అనుకున్నచోట కాలిస్తే తూటా చాలా పైకి పోతుంది. మూపురంలో ఉండేది వెన్నెముక నుంచి పైకి పెరిగిన పొడవాటి ఎముకలు, కండ. గుండె బాగా కిందుగా ఉంటుంది. జంతువు పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలికి కాస్త వెనుకగా, శరీరం ఎత్తులో కింది మూడో వంతులో గురి పెట్టాలి. దాని వెనుక ఇంకొకటి నిలబడి ఉంటే ఆగాలి, తూటా దూసుకుపోయి రెండవదాన్ని గాయపరచవచ్చు. ఒకటి పడిపోయాక మంద పారిపోకుండా దాని చుట్టూనే చాలాసేపు తచ్చాడడం మామూలే. పెద్ద మగ బైసన్ 900 కిలోల వరకు తూగుతుంది, గంటకు 50 కిలోమీటర్లకు మించి పరుగెత్తగలదు. తోక పైకెత్తిందంటే చిరాకుపడినట్టు. గైడ్ చెప్పేవరకు నాన్నగారూ మీరూ ఉన్నచోటి నుంచి కదలకూడదు.

అసలు శ్రమ జంతువు పడిపోయాకే మొదలవుతుంది, కొత్తవారు దీన్నే తక్కువగా అంచనా వేస్తారు. మందమైన తోలు శరీరపు వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి చలికాలంలో కూడా ఆలస్యం చేస్తే మాంసం పాడవుతుంది. తోలు తీసి, ముక్కలుగా విడదీసి, గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేయడానికి అలవాటైన ఇద్దరు ముగ్గురికే కొన్ని గంటలు పడుతుంది. ఎముకలు తీసేశాక కూడా మాంసం వందల పౌండ్లు ఉంటుంది. ఆ సాయం, మాంసం కోసి ప్యాక్ చేసే చోటికి రవాణా గైడ్ రుసుములో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తేల్చుకోండి. మొదటిసారికి ఆడ బైసన్ పర్మిట్ తీసుకోవడం తెలివైన పని: బరువు దాదాపు సగం, మాంసం మెత్తన, రుసుము కూడా సాధారణంగా తక్కువ.

మీరు పనిలో ఉన్న ఆ గంటలన్నీ నాన్నగారు చలిలో కూర్చుని ఉంటారని మరచిపోకండి. మడత కుర్చీ, కింద వేసుకునే మందపాటి చాప, ఫ్లాస్కులో వేడి పానీయం, ఆయన మాత్రలు, ఫోన్ సిగ్నల్ లేనిచోట సాయం కోరగల శాటిలైట్ పరికరం ఆయన చేతికి అందేలా ఉండాలి. వాహనం తాళాలు మీ జేబులో పెట్టుకుని పనిలోకి దిగకుండా ఆయనకే ఇచ్చి, చలేస్తే వెళ్లి హీటర్ వేసుకుని కూర్చోమనండి.