స్పోర్ట్స్ బైక్ హ్యాండిల్‌ను ఎత్తుకు మార్చడం ఎలా?

స్పోర్ట్స్ బైకులలో క్లిప్-ఆన్ హ్యాండిళ్లు ముందుచక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలకే బిగించి ఉండడం వల్ల శరీరభారం మణికట్ల మీద పడి, దూరప్రయాణంలో మెడా నడుమూ పట్టేస్తాయి. ముందుగా హ్యాండిల్‌ను పైకెత్తే 20–25 మిల్లీమీటర్ల రైజర్లు ప్రయత్నించమని నా సలహా. అవి చాలకపోతేనే, ఆ మోడల్‌కే తయారైన పై క్లాంపుతో (ఫోర్కు గొట్టాలను పైభాగంలో కలిపి పట్టే పలకతో) 22 మిల్లీమీటర్ల గొట్టపు హ్యాండిల్ అమర్చుకోవాలి. పై క్లాంపు విప్పే ముందు ముందుచక్రం గాలిలో ఉండేలా బండికి గట్టి ఆధారం ఇవ్వాలి.

అసలు పరీక్ష బిగించిన తరువాతే మొదలవుతుంది. హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ చివరిదాకా తిప్పినప్పుడు వేళ్లు ట్యాంకుకుగాని ఫెయిరింగుకుగాని (బండి ముందరి తొడుగుకు) నలగకూడదు, బ్రేకు గొట్టం, క్లచ్ తీగ, వైర్లు ఏవీ బిగుసుకోకూడదు. బండిని న్యూట్రల్‌లో ఉంచి, ఇంజన్ నడుస్తుండగా మళ్లీ తిప్పి చూడండి. శబ్దం పెరిగిందంటే యాక్సిలరేటర్ తీగ లాగుతున్నట్టే, అలాంటి బండిని రోడ్డెక్కించడం ప్రాణాపాయం. బ్రేకు గొట్టం చాలకపోతే సాగదీయకుండా పొడవైనది వేయించి, మాన్యువల్‌లో చెప్పిన రకం ద్రవం నింపి, గాలి బుడగలు పూర్తిగా తీయించాలి. బోల్టులను, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో మాన్యువల్ ప్రకారమే బిగించాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహన మార్పులను నియంత్రిస్తుంది కనుక విడిభాగాలు కొనకముందే రవాణా కార్యాలయంలో విచారించండి.